రోడ్డుకు అడ్డంగా వెదురు గడ

నాకు ఎదురుచూడటం చేతకాదు. చిన్నప్పటి నుంచీ అంతే. మాది మిషన్ చర్చి కుటుంబం. సాయంత్రం ప్రార్థన కాస్త పొడుగైతే చాలు, నేను మోకాళ్ల మీద అటూ ఇటూ కదలడం మొదలుపెట్టేదాన్ని. "దేవుడికి కూడా టైమివ్వవా నువ్వు?" అనేవాడు మా నాన్న. అన్నం ఉడికేలోపు పదిసార్లు మూత తీసి చూసే రకాన్ని నేను. అలాంటిదాన్ని తీసుకెళ్లి, ఏ పని కావాలన్నా ముందు రోడ్డు పక్కన పడిగాపులు కాయాల్సిన ఊళ్లో పంతులమ్మగా వేశారు.

తొంభైల మధ్యలో సంగతి. హుకుంపేట దాటి పాడేరు వెళ్లే దారిలో, రోడ్డుకి ఆనుకునే ఉండేది ఆ ఊరు. ఒక పక్క మా బడి, దాన్ని ఆనుకుని నేనుండే ఇల్లు. ఎదురుగా టీ కొట్టు, కొట్టు పక్కన పనస చెట్టు. ఆ చెట్టు వెనక నుంచి కాలిబాట ఒకటి కాఫీ తోటల్లోంచి కొండెక్కేది. పైన ఇంకో చిన్న ఊరు. కిందవాళ్లు దాన్ని పై ఊరు అనేవాళ్లు. పైవాళ్లు మా ఊరిని ఊరు అని కూడా అనేవాళ్లు కాదు, రోడ్డు అనేవాళ్లు.

పై ఊరికి బండి వెళ్లదు. ఎవరికైనా ప్రాణం మీదికొస్తే డోలీ కట్టేవాళ్లు. పెద్ద సరంజామా ఏమీ అక్కర్లేదు. ఒక వెదురు గడకి దుప్పటి కొసలు కట్టి, ఆ ఊయల్లో మనిషిని పడుకోబెట్టి, ముందొకరు వెనకొకరు భుజానికెత్తుకుని దిగడమే. మగవాళ్లు మారి మారి మోసేవాళ్లు. ఆడవాళ్లు నీళ్ల చెంబూ పాత గుడ్డలూ పట్టుకుని వెనక నడిచేవాళ్లు.

కొండ దిగడం కష్టమే. కానీ అసలు గండం రోడ్డు మీద ఉండేది. పాడేరుకి పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు. మధ్యలో సర్వీసు జీపులు. నిండు కడుపుతో ఉన్న మనిషి డోలీలో కనిపిస్తే, బ్రేకు తొక్కాల్సిన కాలు ఇంకాస్త గట్టిగా యాక్సిలేటరు తొక్కేది. సీట్లు పాడవుతాయని ఒక భయం. దారిలో ప్రాణం పోతే ఆ జీపు ఎవరూ ఎక్కరని ఇంకో భయం. వాళ్ల భయం వాళ్లదేలే అని ఇప్పుడు అనగలుగుతున్నాను. అప్పుడు మాత్రం రాళ్లు విసరాలనిపించేది. ఒకసారి విసిరాను కూడా. తగల్లేదు.

పై ఊరి నుంచి సంత రోజున ఒకామె పసుపూ, విస్తళ్లు కుట్టే అడ్డాకుల కట్టలూ దించుకొచ్చేది. నాకంటే చిన్నది. గంప మా అరుగు మీద పెట్టి, టీ తాగి, కాసేపు నన్ను ఆటపట్టిస్తేగాని ఆమెకి సంత సాగేది కాదు. నేను గ్లాసు పట్టుకుని గుమ్మానికీ అరుగుకీ మధ్య తిరుగుతూ మాట్లాడతాను కదా, అది చూసి నవ్వేది.

"నీకు కుదురు నేదు టీచరమ్మా. నీ కింద సీమలున్నాయేటి?"

తొలి కాన్పుకి ఆమెని కూడా డోలీలోనే దించారు. మిట్టమధ్యాహ్నం. పనస చెట్టు కింద దించి, ఆమె మొగుడు రోడ్డు మధ్యలోకి వెళ్లి నిలబడ్డాడు. నేనూ నిలబడ్డాను. ఒక జీపు మమ్మల్ని తప్పించుకుని పక్కనుంచి పోయింది. ఇంకోటి నెమ్మదించింది, డోలీ చూసి సర్రున లాగించేసింది. పిల్లాడు ఆ చెట్టు కిందే పుట్టాడు. ఏడవలేదు. టీ కొట్టు నడిపే పెద్దమ్మ ఆ బిడ్డని కాళ్లు పట్టి తట్టింది, నోట్లో ఊదింది, తర్వాత గుడ్డలో చుట్టేసింది.

ఆమె చెట్టుకి ఆనుకుని కూర్చుని ఉంది. నేను రోడ్డు ఈ అంచు నుంచి ఆ అంచుకి కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాను. ఎవర్ని తిట్టాలో తెలీక రోడ్డుని తిడుతున్నాను. చివరికి ఆమే నన్ను పిలిచింది.

"టీచరమ్మా, అలగ తిరగకు. నాకు కళ్లు తిరుగుతన్నాయి."

అంతే అంది. నేను ఆగి ఆమె పక్కన కూర్చున్నాను. కూర్చోవడం అంత కష్టమని నాకు ఆ రోజే తెలిసింది.

ఆ తర్వాత కొన్నాళ్లు పాడేరులో నేను ఎక్కని ఆఫీసు గుమ్మం లేదు. అందరూ మర్యాదగానే మాట్లాడారు, కుర్చీ వేశారు, కాఫీ ఇచ్చారు. పై ఊరికి రోడ్డు వేయాలంటే అటవీ శాఖ వాళ్ల అనుమతి కావాలన్నారు. అది వచ్చేదాకా కనీసం ఒక బండి పెట్టండి అంటే, చూద్దాం అన్నారు. ఆ మాట వినీ వినీ నా చెవులు తుప్పు పట్టాయి. తిరిగొచ్చి టీ కొట్టు దగ్గర ఒంటికాలి మీద లేస్తే పెద్దమ్మ తాపీగా గ్లాసులు కడుక్కుంటూ అనేది, "సెప్పొచ్చినావు కదా, మరింక కూకో."

కూర్చోవడం నా వల్ల కాదన్నాను. "అయితే నిలబడే తాగు" అని టీ చేతికిచ్చింది.

పెద్దమ్మ గురించి ఒక మాట చెప్పాలి. ఆమె నాకు ఏమీ కాదు. ఊరందరికీ పెద్దమ్మ, నాకూ పెద్దమ్మే. బక్కపలచని మనిషి, గొంతు మాత్రం కొండ అవతలికి వినిపిస్తుంది. పండగల్లో ధింసా ఆటకి వరస ముందు నిలబడేది ఆమే. ఆమె కాలు ఎటు పడితే ఊరి ఆడవాళ్ల కాళ్లన్నీ అటే పడేవి.

ఏడాది తిరిగి మరి కొన్నాళ్లకి పసుపు గంప ఆమె మళ్లీ కడుపుతో ఉంది. ఈసారి నేను ముందే పట్టుకున్నాను. నెలలు నిండగానే దిగొచ్చి మా ఇంట్లో ఉండమన్నాను. పొద్దున బస్సుకే పాడేరు తీసుకెళ్లి ఆస్పత్రిలో చేర్పిస్తానన్నాను. ఆమె అన్నిటికీ తలూపి చివర్లో ఒక మెలిక పెట్టింది.

"ఇటుకల పండగ ఎళ్లనీ. పండగలో ఇత్తనం నానే ఇవ్వాల కదా. ఇచ్చీసి బేగి దిగొచ్చెత్తాను."

చైత్రంలో వచ్చే ఆ పండగ కొండ మీద వాళ్లకి పెద్ద పండగ. ప్రతి ఇంటి నుంచీ చోళ్లు, సామలు, కందులు పూజారి దగ్గరికి వెళ్లాలి. ఆయన అన్నిటినీ కలిపి, దేవత ముందు పెట్టి, తిరిగి ఇంటింటికీ పంచుతాడు. ఆ విత్తనమే తొలకరికి పొలంలో పడేది. ఆ ఊళ్లో ఇంటి ఆడదే తీసుకెళ్లి ఇవ్వాలి. ఆమె అత్త పోయింది, ఇంట్లో ఇంకో ఆడమనిషి లేదు. ఆమె దిగొస్తే ఆ ఇంటి విత్తనం నిలిచిపోతుంది. నేను ఎంత మొత్తుకున్నా చెవిన వేసుకోలేదు. పై ఊరి మంత్రసాని కూడా పండగ వెళ్లాకే నొప్పులంది. మొగుడు, "నువ్వు బెంగెట్టుకోకు టీచరమ్మా, నానూ మా తమ్ముళ్లూ మోసుకొచ్చెత్తాం" అన్నాడు. అందరం సరేననుకున్నాం.

ఒక్క సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. పండగ రోజుల్లో మగవాళ్లంతా వేటకి అడవికి పోతారు. ఏటా పోయేదే. రోజుల తరబడి ఊళ్లో మగ పురుగు కనిపించదు. ఉత్త చేతులతో తిరిగొస్తే ఆడవాళ్లు పేడనీళ్లు పోసి ఏడిపిస్తారు. ఇదంతా పుట్టినప్పటి నుంచీ చూస్తున్నవాళ్లే. పండగంటే వేట, వేటంటే పండగ, అయినా సరే డోలీ మోసే భుజాలు ఆ రోజుల్లో ఊళ్లో ఉండవని ఒక్కరు కూడా అనుకోలేదు. నేను ఆ పండగలు అప్పటికి రెండు చూశాను. నాకూ తోచలేదు.

మగవాళ్లు అడవిలో ఉంటే ఆడవాళ్లు రోడ్డు మీద ఉంటారు. అది కూడా ఆచారమే. రెండు పక్కలా కర్రలు పాతి, వాటి మీద మామిడాకులు కట్టిన వెదురు గడ అడ్డంగా పెట్టి, వచ్చే పోయే బండినల్లా ఆపి, పాటలు పాడి, పండగ డబ్బులు పుచ్చుకుని వదులుతారు. ఎంతటి వాడైనా ఆగి, ఎంతో కొంత ఇచ్చి, నవ్వుకుంటూ వెళ్లాల్సిందే.

విత్తనాలిచ్చే రోజు పొద్దున్నుంచీ నా కాలు ఒకచోట నిలవలేదు. బడికి సెలవులిచ్చినా ఊరెళ్లకుండా ఉండిపోయాను. కాసేపు ఆడవాళ్ల పాటలు విన్నాను, కాసేపు కాలిబాట ఎక్కి మొదటి మలుపుదాకా వెళ్లి తిరిగొచ్చాను. పెద్దమ్మ గమనిస్తూనే ఉంది. "ఆ దారి నువ్వు తొక్కి తొక్కి తార్రోడ్డు సేసెత్తావు. గవర్నమెంటోలకి కరుసు తప్పుద్ది" అంది. అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే పైనుంచి కేక వినిపించింది.

కొండ మీద వాళ్లు కేక వేస్తే అందులో మాటలు ఉండవు. పొడుగ్గా సాగి చివర తెగిపోతుంది. నాకేమీ అర్థం కాలేదు. పాడుతున్న ఆడవాళ్లు మాత్రం ఒక్కసారిగా ఆగిపోయారు. "గుంటకి నొప్పులొచ్చినాయి" అంది పెద్దమ్మ. మరుక్షణం ఆమె ముఖంలో ఇంకేదో మారింది. మోసేవాళ్లు లేరన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి.

కొంతమంది ముసలాళ్లనీ చిన్నపిల్లల్నీ గడ దగ్గర వదిలేసి మిగతావాళ్లం కొండెక్కాం. పై ఊళ్లో ఆమె గుమ్మంలో ఒత్తిగిలి పడుకుని పళ్లు బిగించి ఉంది. విత్తనం అప్పటికే ఇచ్చేసింది. గంప పక్కన బోర్లించి ఉంది. ఇంటి చూరుకి డోలీ గడ ఆనించి ఉంది. చుట్టూ ఆడవాళ్లు నిలబడి ఉన్నారు, ఒక్కరూ దాన్ని ముట్టుకోవడం లేదు.

నేను వెళ్లి గడ లాగబోతే ఒకామె నా చెయ్యి పట్టుకుంది. మెల్లిగానే చెప్పింది. కావిడి గాని డోలీ గాని ఆడదాని భుజమెక్కితే ఆ ఏడు వాన పడదు. ఇప్పుడే విత్తనాలు దేవత ముందు పెట్టొచ్చారు. వాన పోతే ఊరంతా ఏం తింటుంది? నాకు ఒళ్లు మండిపోయింది. ఏదో అనబోయాను. ఆ మనిషి కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. ఆమెకీ మోయాలనే ఉంది, భయంగానూ ఉంది. గడ మీంచి చెయ్యి తీసేశాను.

పెద్దమ్మ గుమ్మంలోకి వచ్చి లోపలున్న నీళ్ల కుండలు చూసింది, బయటికొచ్చి గడ చూసింది.

"బుజం మీద ఎయ్యొద్దన్నారు. నెత్తి మీద ఎయ్యొద్దని ఎవులన్నారు? రోజూ నీళ్లు దేని మీద తెత్తన్నారే మీరు?"

పై ఊరి ముసలామె ఒకతె ఆలోచించి ఆలోచించి, "నెత్తి మాట ఎవులూ సెప్పనేదు" అంది. అంతే, చేతులన్నీ ఒక్కసారి కదిలాయి.

అయితే నీళ్ల కుండ నిలిచినట్టు వెదురు తల మీద నిలవదు, దొర్లిపోతుంది. అందుకని గడ రెండు కొసలకీ అడ్డంగా కర్రలు బిగించి, కుండ కింద తల మీద పెట్టుకునే చుట్టకుదుర్లు తెచ్చి అడ్డతీగ నారతో వాటికి కట్టేశారు. ముందు ఇద్దరు, వెనక ఇద్దరు. మొదటి దిగుడులోనే తెలిసింది, తలలు ఒక ఎత్తులో లేవు, అడుగులు ఒక వరసలో లేవు. డోలీ అటొకసారి ఇటొకసారి ఊగుతోంది. లోపలున్న మనిషి మూలుగు ఆపి తిట్టడం మొదలుపెట్టింది.

"సంపడానికి తీస్కెల్తన్నారేటే నన్ను? తిన్నగా మొయ్యండే."

పెద్దమ్మ ముందుకెళ్లి ధింసా పాట ఎత్తుకుంది. ఆ ఆటలో ఒకరి వీపు వెనక నుంచి ఒకరు చేతులు పెనవేసుకుంటారు. అందరి కాళ్లూ ఒకేసారి పడకపోతే వరస వరసంతా కూలబడుతుంది. పాట వినగానే ముందు ఇద్దరూ, వెనక ఇద్దరూ అలాగే చేతులు పెనవేసుకున్నారు. కాళ్లు వాటంతటవే కలిశాయి. డోలీ ఊగడం తగ్గింది. రాళ్ల మీద, కాఫీ మొక్కల మధ్య, మిరియాల తీగలు తప్పించుకుంటూ ఆ ఆడవాళ్లు అడుగేస్తుంటే, అలసిన వాళ్ల కిందికి ఇంకొకరు దూరి తల పెడుతుంటే, వెనక నడుస్తున్న నాకు ఏడుపొచ్చింది. మెచ్చుకోలుతో కాదు, భయంతో. ఎంత బాగా నడిచినా మేం వెళ్తున్నది ఆ రోడ్డు మీదికే.

నేను ముందుకి పరిగెత్తి రాళ్లు తీసేదాన్ని, మళ్లీ వెనక్కి పరిగెత్తి ఆమె ముఖం చూసేదాన్ని. నాలుగోసారో ఐదోసారో డోలీలోంచి సన్నగా గొంతు వచ్చింది. "ఆ టీచరమ్మని ఎవులైనా పట్టుకోండే. దాన్ని సూత్తంటే నాకు నొప్పులెక్కువౌతన్నాయి."

రోడ్డు మీదికి వచ్చేసరికి గడకి అవతల ఒక సర్వీసు జీపు ఆగి ఉంది. అరకు వైపు నుంచి పాడేరు వెళ్లేది. లోపల క్రిక్కిరిసి జనం, వెనక మేక ఒకటి. డ్రైవరు కిటికీలోంచి చిల్లర చేతిలో పట్టుకుని నవ్వుతున్నాడు. ముసలాళ్లు ఆ చిల్లర పుచ్చుకోవడం లేదు. డోలీ చూడగానే అతని నవ్వు ఎగిరిపోయింది.

"పండగ డబ్బులు ఇత్తన్నాను కదమ్మా. గడ తియ్యండి."

"డబ్బులు నీ కాడే ఉంచు బాబూ" అంది పెద్దమ్మ. "ఈ గుంటని పాడేరు ఆస్పత్రికాడ దింపు. తీసెత్తాం."

"నా వల్ల కాదు. బండి నాది కాదు. ఓనరు ఊరుకోడు."

ఇంతలో జీపు వెనక తెల్ల కారు ఒకటి వచ్చి ఆగింది. అందులోంచి ఇస్త్రీ చొక్కా ఆఫీసరొకాయన దిగి, రోడ్డు ఆపడం నేరమని తెలుసా అని గద్దించాడు. నేను నోరు తెరిచేలోపే పెద్దమ్మ చేతులు జోడించింది. "పండగండి. ఏటా ఆపుతాం. తమరు పోయినేడు ఇక్కడే డబ్బులిచ్చి ఎల్లినారు." ఆయన తగ్గాడు. "పోనీ తమరి కారులో ఎక్కించమంటారా?" అని ఆమె అడిగింది. ఆయన తన సీట్ల తెల్ల గుడ్డల వైపు ఒకసారి చూసుకుని, జీపు డ్రైవరు మీద పడ్డాడు. "ఏమయ్యా, మనిషివేనా నువ్వు? తీసుకెళ్లలేవూ?"

జీపులో జనం మాత్రం ఎవరూ చెప్పకుండానే దిగడం మొదలుపెట్టారు. వాళ్లూ ఏదో ఒక కొండ మీది వాళ్లే. బుట్టలు దింపుకున్నారు, మేకని దింపారు. మోకాళ్ల నొప్పులతో ఉన్న ముసలాయన్ని కూడా దింపి చెట్టు కింద కూర్చోబెట్టారు. ఖాళీ జీపులో డ్రైవరొక్కడే స్టీరింగు పట్టుకుని మిగిలాడు. కుర్రవాడే. భయపడుతున్నాడు.

"దారిలో ఏటైనా అయితే?" అన్నాడు చాలా చిన్న గొంతుతో.

పెద్దమ్మ కిటికీ దగ్గరికి వెళ్లింది. "సచ్చిపోతే నీ బండి మేమే కడుగుతాం. పసుపునీళ్లతో, మా సేతుల్తో, అందరూ సూత్తుండగా. బతికితే నువ్వు మావయ్యవి."

అతను కిందికి దిగి వెనక తలుపు తీశాడు. గడ లేచింది.

ఆ ప్రయాణం గురించి నాకు సరిగ్గా గుర్తున్నది ఆమె గోళ్లు నా ముంజేతిలో దిగిన నొప్పి ఒక్కటే. ఆస్పత్రి వరండాలో నేను తిరుగుతుంటే నర్సు రెండుసార్లు కసిరింది. సాయంత్రం బస్సు హారన్ వినిపించిన కాసేపటికి ఆడపిల్ల పుట్టింది. ఏడ్చింది. ఆ ఏడుపు విని నేను గోడకి ఆనుకుని జారిపోయి నేల మీద కూర్చుండిపోయాను. బయట డ్రైవరు ఇంకా వెళ్లలేదు. చెబితే విని, సీటు మీది మరకలు తువ్వాలుతో తుడుచుకుంటూ, "మావయ్యంట" అని తనలో తను అనుకున్నాడు.

ఆమె మొగుడు ఆ సాయంత్రమే వేట నుంచి ఉత్త చేతులతో తిరిగొచ్చాడట. ఆచారం ప్రకారం ఆడవాళ్లు పేడనీళ్లు పోసి ఆ తర్వాత సంగతి చెప్పారు. మర్నాడు పొద్దున బస్సు దిగి అదే చొక్కాతో వార్డులోకి వచ్చాడు. నర్సు బయటికి పొమ్మంది. పిల్లని కిటికీలోంచి చూపించాల్సి వచ్చింది.

పండగ వెళ్లిపోయింది. గడ మాత్రం రోడ్డు పక్కనే, టీ కొట్టు చూరు కింద ఉండిపోయింది. తీసెయ్యవా అని అడిగితే పెద్దమ్మ నన్ను వింతగా చూసింది. "కొండ మీద కడుపులు ఆగిపోనాయేటి?"

అప్పటి నుంచి ఏ కొండ మీంచి డోలీ దిగినా గడ అడ్డం పడేది. ఊరుకున్నారనుకోకండి. ఫిర్యాదులు వెళ్లాయి. పోలీసులు వచ్చి గడ పట్టుకుపోయారు. మర్నాటికి ఇంకోటి వచ్చింది, ఆ కొండల్లో వెదురుకి కరువా? నేను స్టేషనుకి వెళ్లి అరిచాను, పై అధికారులు నన్ను పిలిచి బడి చూసుకోమన్నారు. బడి చూసుకుంటూనే ఉన్నాను, బడి గుమ్మంలోంచి రోడ్డు కనిపిస్తుంది మరి. డ్రైవర్లు మాత్రం ఆగినా గొణిగేవాళ్లు. కొందరు మా మలుపుకి ముందే బండి ఆపి, ఎవరినో పంపి, డోలీ ఉందో లేదో చూసుకుని వచ్చేవాళ్లు.

అది మారింది ఒక చావుతో. ఇంకో కొండ నుంచి వచ్చిన మనిషి, పాడేరు చేరకముందే జీపులో పోయింది. బిడ్డ కూడా దక్కలేదు. డ్రైవరు తిరిగొచ్చి మా కొట్టు ముందు జీపు ఆపి, కిందికి దిగకుండా అలాగే కూర్చున్నాడు. పెద్దమ్మ లోపలికెళ్లి బిందె తెచ్చింది. పసుపు గంప ఆమె చంకలో పిల్లని నాకిచ్చి, తన గంపలో పసుపు కొమ్ములే దంచి నీళ్లలో కలిపింది. ఊరి ఆడవాళ్లు జీపు సీట్లు దింపి, చక్రాల దాకా కడిగారు. రోడ్డు మీద ఆగిన బండ్లన్నీ చూస్తూ ఉన్నాయి, ఒక్క హారన్ మోగలేదు. పిల్లని ఎత్తుకుని తిరుగుతూ నేను వెక్కి వెక్కి ఏడ్చాను.

ఆ తర్వాత డోలీ కనిపిస్తే గడ దించకముందే జీపులు ఆగడం మొదలైంది.

రెండు వేల సంవత్సరం దాటిన కొన్నాళ్లకి నాకు అరకు వైపు బదిలీ అయింది. పెద్దమ్మ పోయిన కబురు అక్కడే తెలిసింది. తర్వాత అంబులెన్సులు వచ్చాయి. ఇక గడతో పనేముంటుందిలే అనుకున్నాను.

ఒక వేసవిలో చోడవరంలో మా చెల్లెలి కూతురి పెళ్లి. చర్చిలో పదకొండు గంటలకి. చెల్లెలు నాకోసం అరకుకి కారు పంపింది, నా సంగతి తెలుసు కాబట్టి తెల్లవారకముందే పంపింది. పట్టుచీర కట్టుకుని, ముందు సీట్లో కూర్చుని, డ్రైవరు తల తింటూ వస్తున్నాను. హుకుంపేట దాటి ఆ మలుపు తిరిగేసరికి రోడ్డుకి అడ్డంగా వెదురు గడ. పండగ రోజులు కావు.

నిజం చెప్తాను, నాకు మొదట వచ్చింది విసుగే. గడియారం చూసుకున్నాను.

గడ పట్టుకుని నిలబడ్డది పసుపు గంప ఆమె. జుట్టు నెరిసింది, ఒళ్లు కొంచెం నిండింది. నన్ను చూసి ఆమె ముఖం విప్పారింది, గడ మాత్రం కదల్లేదు. పనస చెట్టు కింద డోలీ ఉంది. పక్కన తలల మీద చుట్టకుదుర్లతో ఆడవాళ్లు, వాళ్ల వెనక మగవాళ్లు కూడా ఉన్నారు.

"అంబులెన్సో?" అన్నాను.

"ఇంకో కాడికి ఎల్లిందంట. దిగు టీచరమ్మా."

"నేను ముందు సీట్లో సర్దుకుంటానే. పెళ్లికి వెళ్లాలి."

"ముందు సీట్లో మంత్రసాని కూకుంటాది. ఎనక దీని మొగుడూ అత్తా. నువ్వు దిగు."

దిగాను. డోలీలో మనిషిని కారులోకి చేర్చారు. పద్దెనిమిదేళ్లు కూడా ఉండవేమో, కళ్లు గట్టిగా మూసుకుని ఉంది. గడ లేచింది, కారు వెళ్లిపోయింది. పట్టుచీరతో దుమ్ములో నిలబడిపోయాను.

"ఎవరే ఆ పిల్ల? మీ పై ఊరేనా?"

"కాదు. ఎవులో తెల్దు" అంది ఆమె, కారు వెళ్లిన వైపే చూస్తూ. "అవతలి కొండ దిగొచ్చింది."

టీ కొట్లో నాకు బల్ల చూపించింది. కూర్చున్నాను. పెళ్లి గంట దాటిపోయింది. కారు రాలేదు. ఆమె గడ పక్కన పెట్టేసి రోడ్డు ఈ అంచు నుంచి ఆ అంచుకి నడుస్తోంది. మలుపు దాకా వెళ్తుంది, చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తుంది, తిరిగొస్తుంది, మళ్లీ వెళ్తుంది. పనస చెట్టు కిందకి మాత్రం చూడటం లేదు.

అలా తిరగకు, నాకు కళ్లు తిరుగుతున్నాయి అనే మాట నా నోటిదాకా వచ్చింది. అనలేదు. లేచి, కుచ్చిళ్లు దోపుకుని, ఆమె పక్కన నేనూ నడవడం మొదలుపెట్టాను.